కోడి చచ్చేది మేత లేక కాదు

(గ్రామ మహిళా సంఘాల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా అమ్మా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒకటి అడుగుతాను. కిందటి ఎండాకాలంలో కోళ్లు పోగొట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. ఎత్తనివాళ్లని లెక్కపెట్టుకోవడం తేలికలా ఉంది. (నవ్వులు) దించండి. ఇప్పుడు, తిండి చాలక పోయాయనుకునేవాళ్లు ఎత్తండి. ఒక్కరూ లేరు. మరి కోళ్ల పథకం వచ్చింది, మీకేం కావాలని ఎవరైనా అడిగితే ఏమంటారు? మంచి జాతి పిల్లలివ్వండి, దాణా ఇవ్వండి అంటారు. కోళ్లు పోయేది ఒకందుకు, మనం అడిగేది ఇంకొకందుకు. ఇవాళ నేను మాట్లాడబోయేది దీని గురించే.

చిన్న లెక్క వేద్దాం. నాటు పెట్ట ఏడాదికి మూడు విడతలు గుడ్లు పెడుతుంది. విడతకి 12 నుంచి 18. అన్నీ కలిపితే నలభై, యాభై. విడతకి 12 గుడ్లు పొదగేసి మిగతావి పిల్లలకి అట్టు వేసిపెట్టారనుకోండి. పన్నెండింటికి తొమ్మిది పిల్లలైనా అవుతాయి. మూడు విడతలకి 27. ఒక్క పెట్టకే ఇన్ని. మరి మీ ఇళ్లలో పెరిగి పెద్దవై, అమ్ముకోడానికో కోసుకోడానికో మిగిలేవెన్ని?

(సభలోంచి: నాలుగో ఐదో, డాక్టరమ్మా!)

నాలుగో ఐదో. అంటే ఇరవైకి పైగా పిల్లలు మన వాకిట్లోనే పుట్టి మన వాకిట్లోనే పోతున్నాయి. వాటికి మనం పైసా ఖర్చు పెట్టలేదు కాబట్టి పోయినట్టు అనిపించదు. అదే ఒక మేక పిల్ల చచ్చిపోతే వీధంతా వచ్చి పలకరిస్తుంది. కోడిపిల్లని గద్ద తన్నుకుపోతే ‘పోతే పోయింది’ అనేసి పనిలో పడతాం. సంక్రాంతికి నాటుకోడి ఏ ధర పలుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ధరతో ఇరవైని హెచ్చవేసి చూసుకోండి. మగవాళ్లతో చెప్పకండి, ఆ లెక్క మీ దగ్గరే ఉంచుకోండి. (నవ్వులు)

సరే, ఈ ఇరవై ఎక్కడెక్కడ పోతున్నాయి? సగం మొదటి నెలలోనే పోతాయి. మిగిలినవాటిలో చాలామటుకు కొక్కెర తెగులుకి పోతాయి. మిగతా కారణాలన్నీ వీటి తర్వాతే.

మొదటి నెల సంగతి ముందు చూద్దాం. అసలు గుడ్డు దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. పెట్ట పెట్టిన గుడ్లన్నీ గూట్లోనే వదిలేస్తాం. మొదటి గుడ్డు పెట్టి పదిహేను రోజులైనా అది అక్కడే ఎండకి ఉడుకుతూ ఉంటుంది. పొదగేసే గుడ్డు వారం దాటకూడదు. ఎండాకాలమైతే మూడు నాలుగు రోజులే. రోజూ గుడ్డు తీసెయ్యండి, పెట్ట బెంగపడకుండా ఒక్కటి మాత్రం అక్కడ ఉంచండి. తీసినవాటిని వెడల్పు వైపు పైకి ఉండేలా చల్లని చోట, తడి ఇసుక మీద పెట్టిన మూకుట్లో దాచండి. చివరి వారంలో పెట్టినవే పొదుగుకి, ముందువి తినడానికి. పెద్ద పెట్ట కింద పన్నెండు, చిన్నదైతే పది. ఆశపడి పదిహేను పెడితే అంచున ఉన్నవాటికి వేడి చాలదు. పెట్ట వాటిని తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఇవాళ అంచున ఉన్నది రేపు మధ్యకి వస్తుంది, మధ్యది అంచుకి పోతుంది. అలా అన్నీ కొంచెం కొంచెం చల్లబడి, ఉన్న పన్నెండూ పాడవుతాయి.

ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చి వెయ్యండి. గదిలో దీపం ఆర్పేసి, గుడ్డుని వేళ్ల మధ్య పట్టుకుని వెడల్పు వైపు నుంచి వెలుతురు పెట్టాలి. లోపల ఎర్రటి సన్నని నరాలు సాలెగూడులా కనిపించి మధ్యలో చుక్క కదులుతుంటే పిల్ల తయారవుతున్నట్టు. నరాలేవీ లేకుండా తేటగా ఉంటే అందులో పిల్ల లేదు. తీసెయ్యండి, లేకపోతే అది కుళ్లి పగిలిందంటే పక్కనున్నవాటినీ పాడు చేస్తుంది. పెట్టకి పక్కనే గుప్పెడు గింజలు, నీళ్లు ఉండాలి. రోజుకి ఒకసారి లేచి, తిని, రెట్ట వేసి, పావుగంటలో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మేత దూరంగా ఉంటే తిరిగొచ్చేసరికి గుడ్లు చల్లారతాయి. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు దిగుతాయి. బాతు గుడ్లు కోడి కింద పెట్టేవాళ్లు ఉంటే గుర్తుపెట్టుకోండి, వాటికి 28 రోజులు. తొందరపడి ఇరవై రెండో రోజున తీసి పారేసినవాళ్లున్నారు.

పిల్లలు దిగాక మన పెద్దవాళ్లకి తెలిసిన మంచి పనిముట్టు గంప. తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసేవాళ్లు. ఇప్పుడు గంప అల్లేవాళ్లు తక్కువయ్యారు, ప్లాస్టిక్ టబ్బులొచ్చాయి. టబ్బుకి గాలి ఉండదు. సంతలో వెదురు గంపలు ఇంకా దొరుకుతున్నాయి, ఒకటి కొనుక్కోండి. మొదటి మూడు వారాలు తల్లి గంప కింద ఉంటే పిల్లలు కూడా దూరం పోవు. గంప అంచు కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి పిల్లలు మాత్రం దూరేంత సందు వదిలితే పిల్లలు బయటికొచ్చి తిని మళ్లీ లోపలికి దూరతాయి. గద్ద నీడ పడగానే తల్లి ఒక కేక వేస్తుంది చూడండి, అంతే, అన్నీ గంపలోకి పరిగెత్తుతాయి. తల్లిని వదిలేస్తే పిల్లల్ని వెంటేసుకుని చేలమ్మట తిరుగుతుంది. సాయంత్రానికి పదిలో ఏడు తిరిగొస్తాయి.

నూకలు తల్లికీ పిల్లలకీ కలిపి చల్లితే తల్లి, పక్కింటి పుంజు, పిచ్చుకలు తినేస్తాయి. ఆ సందు దగ్గర పిల్లలకి విడిగా పెట్టండి. నీళ్లు లోతు గిన్నెలో పెట్టొద్దు, తడిసి చలికి చస్తాయి. పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పొయ్యండి. రాళ్ల మధ్య ముక్కు పెట్టి తాగుతాయి.

ఒక రహస్యం కూడా చెబుతాను. పిల్లలతో తిరిగే తల్లి రెండు మూడు నెలలు గుడ్డు పెట్టదు. పిల్లలకి నెల నిండగానే తల్లి నుంచి విడదీసి వేరే గదిలో పెడితే, తల్లి కొద్ది రోజుల్లో మళ్లీ పుంజుతో కూడి గుడ్లకొస్తుంది. ఏడాదికి మూడు విడతలు నాలుగవుతాయి. విడదీసిన పిల్లలకి చలికాలం రాత్రుళ్లు బల్బు వెయ్యాలి. వేడి ఎంతుండాలో తెలుసుకోడానికి థర్మామీటర్ అక్కర్లేదు. అన్నీ బల్బు కిందికొచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలేస్తోందని. బల్బుకి దూరంగా గోడలకి అంటుకుని నోరు తెరిస్తే ఉక్కపోస్తోందని. గదంతా చెదిరి హాయిగా పడుకుంటే సరిపోయిందని. గోనె సంచి కప్పేటప్పుడు బల్బుకి తగలకుండా చూసుకోండి, నిప్పంటుకుంటుంది.

ఇక అసలు సంగతికొద్దాం. కొక్కెర తెగులు.

మన దేశంలో దీన్ని 1927లో కుమావూ కొండల్లో రాణిఖేత్ అనే ఊళ్లో గుర్తించారు, అందుకే మా ఆసుపత్రుల్లో రాణిఖేత్ అంటాం. వైరస్ వల్ల వస్తుంది. ఉదయం కోడి రెక్కలు వేలాడేసుకుని మూల నుంచుంటుంది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన రెట్ట. నోరు తెరిచి, గుర్రుమంటూ ఊపిరి లాగుతుంది. బతికి రెండు మూడు రోజులు లాగితే మెడ వెనక్కి తిరిగిపోతుంది, కాళ్లు పడిపోతాయి. టీకా పడని ఊళ్లోకి దిగితే నూటికి ఎనభై, తొంభై కోళ్లు వారం పది రోజుల్లో ఖాళీ.

దీనికి మందు లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తెగులు రాగానే మనలో సగం మంది పరిగెత్తేది మెడికల్ షాపుకి. ఎర్ర కాప్సూల్ తెచ్చి, విప్పి, పొడి అన్నంలో కలిపి పెడతాం. అది యాంటీబయాటిక్. వైరస్‌ని ఏమీ చెయ్యదు. ఏ నాలుగు కోళ్లయినా బతికితే కాప్సూల్ వల్లే బతికాయనుకుంటాం, కానీ అవి వాటంతట అవే తట్టుకున్నవి. మనుషులకి వాడే మందుల్ని కోళ్లకి ఇష్టమొచ్చినట్టు వాడితే, రేపు మన పిల్లలకి జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచెయ్యదు. కొలిస్టిన్ అని ఒక మందుంది, ఆసుపత్రిలో ఇంకేదీ పనిచెయ్యనప్పుడు చివర్లో వాడేది. కోళ్ల దాణాలో దాన్ని కలిపేస్తున్నారని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. పెద్ద ఫారాలవాళ్లనే అనకండి, మనమూ జాగ్రత్తగా ఉండాలి.

తెగులు ఎలా పాకుతుందో చెబుతాను. కొంచెం బాధగా ఉంటుంది, ఏమనుకోకండి. ఒకరింట్లో రెండు కోళ్లు కునికాయి. వాళ్లేం చేస్తారు? మిగతావి కూడా పోతాయేమోనని ఆ రోజే ఒకదాన్ని కోస్తారు, ఇంకో రెండు చుట్టాలకి పంపుతారు, తెల్లారి సంతలో నాలుగు అమ్మేస్తారు. నేను తప్పుపట్టడం లేదు, నష్టంలో ఎంతో కొంత రాబట్టుకోవాలని ఎవరికైనా ఉంటుంది. కానీ కోసిన కోడి ఈకలు, పేగులు, కడిగిన నీళ్లు ఎక్కడికెళ్తాయి? దిబ్బ మీదికి. దిబ్బ మీద ఊరందరి కోళ్లూ గెలుకుతాయి. అంతే, వారం తిరిగేసరికి వీధి చివరిదాకా వెళ్లిపోతుంది. చుట్టాల ఊళ్లోనూ మొదలవుతుంది. సంక్రాంతి తర్వాత, ఫిబ్రవరి నుంచి మే దాకా మన వైపు తెగులు ఎక్కువగా ఉండటానికి ఎండ ఒక్కటే కారణం కాదు. పండక్కి కోళ్లన్నీ ఊళ్లు తిరిగాయి. పందేలకని తీసుకెళ్లిన పుంజులు ఎక్కడెక్కడి కోళ్లతోనో కలిసి తిరిగొచ్చాయి. పందేలు చట్టప్రకారం నేరమన్న సంగతి మీ అందరికీ తెలుసు, పండగనాడు ఎవరికీ గుర్తుండదు. (నవ్వులు)

కాబట్టి చచ్చిన కోడినైనా, జబ్బు కోడిని కోసిన చెత్తనైనా మోకాటి లోతు గుంట తీసి, సున్నం చల్లి పూడ్చెయ్యండి. కొత్త కోడిని కొన్నా, ఎవరైనా ఇచ్చినా, పదిహేను రోజులు కాలికి తాడు కట్టి పెరట్లో వేరుగా ఉంచండి. దాని నీళ్ల గిన్నె కూడా వేరే.

ఇవన్నీ చేసినా టీకా లేకపోతే లాభం లేదు. టీకా మూడు మెట్లు. పిల్లకి వారం రోజులప్పుడు కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క, లసోటా అంటారు. నెల రోజులకి మళ్లీ ఒక చుక్క. ఎనిమిది వారాలు నిండాక రెక్క కింద చర్మంలో అర మిల్లీలీటరు సూది, ఆర్ టు బి అంటారు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఎనిమిది వారాలు నిండని పిల్లకి తొందరపడి సూది వేయించకండి, అది గట్టి టీకా, చిన్నపిల్ల తట్టుకోలేదు. టీకాకి వారం ముందు ఏలికపాముల మందు తాగించి ఉంచితే మంచిది. ఇంకోటి, తెగులు మొదలైన ఇంట్లో టీకా వేసి లాభం లేదు. జనవరిలోపే వేయించాలి.

మరి ఇంత సులువైన పని ఊళ్లో ఎందుకు జరగడం లేదు? బద్ధకమని, అజ్ఞానమని మా డిపార్ట్‌మెంటువాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. ఈ టీకా సీసా చూడండి. (సీసా చూపిస్తూ) ఇందులో వంద కోళ్లకి సరిపడా మందుంది. పొడి రూపంలో ఉంటుంది, ద్రావకం పోసి కలిపాక గంట, మహా అయితే రెండు గంటలు. ఆ తర్వాత పారబొయ్యాల్సిందే. కలిపే దాకా ఫ్రిజ్‌లో, కలిపాక ఐసు మీద, ఎండ తగలకుండా ఉండాలి. ఫారం పెట్టుకున్నాయనకి అయిదు వేల కోళ్లు ఒకే షెడ్డులో ఉంటాయి, సీసా మీద సీసా అవగొట్టేస్తాడు. మీకున్నవి పది. పదింటి కోసం వంద డోసుల సీసా విప్పాలని ఆసుపత్రికెళ్తే అక్కడి మనిషి విసుక్కుంటాడు. విసుక్కోకుండా ఇచ్చినా, మీ ఊరొచ్చేసరికి ఐసు కరిగి మందు చస్తుంది. చచ్చిన మందు వేసి, మళ్లీ తెగులొస్తే, టీకా పనిచెయ్యదన్న పేరు.

అందుకని ఇది ఇంటికి చేసుకునే పని కాదు, వీధికి చేసుకునే పని. పది ఇళ్లు కలిస్తే వంద కోళ్లు. మీకు సంఘాలున్నాయి. నెలనెలా పొదుపు డబ్బులు వసూలు చేసుకోగలిగినవాళ్లు, ఆరు నెలలకోసారి వంద కోళ్లు లెక్క రాసుకోలేరా? ఎవరింట్లో ఎన్ని పెట్టలు, ఎన్ని పిల్లలు, ఎప్పుడు దిగాయి, అంతే రాసుకోవాల్సింది. పిల్లల్ని కూడా అందరూ ఒకే వారంలో పొదగేసుకుంటే చుక్కల మందు వృథా కాదు. ఐసు వేసిన థర్మోస్ ఫ్లాస్కు ఒకటి, పొద్దున్నే నాలుగింటికి లేవగల ఇద్దరు ఆడపిల్లలు ఉంటే చాలు. చీకటితోనే వెళ్లాలి. గూళ్లు తెరిచారంటే కోళ్లని పట్టుకోవడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఐ-టు అని వేడికి కొంచెం ఎక్కువ ఓర్చుకునే టీకా తయారుచేశారు. ఆఫ్రికాలో టాంజానియా, మొజాంబిక్ దేశాల పల్లెల్లో ఆడవాళ్లు కూడా ఇంటింటికీ తిరిగి నాలుగు నెలలకోసారి కంట్లో చుక్క వేస్తున్నారు. వాళ్లకీ మనకీ ఇల్లూ వాకిలీ పెద్ద తేడా లేదు.

ఒక అక్క చీటీ పంపింది: ‘నాటుకోడి బదులు వనరాజా పిల్లలు పెంచుకోవచ్చా?’ పెంచుకోవచ్చు. వనరాజా, గ్రామప్రియ మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థలో తయారైనవే, మంచివే. నాటుది నలభై యాభై గుడ్లు పెట్టే చోట వనరాజా నూరు దాటి పెడుతుంది, గ్రామప్రియ 160 నుంచి 180 దాకా. కానీ మూడు సంగతులు చూసుకోండి. అవి పొదగవు, ప్రతిసారీ పిల్లల్ని కొనాలి. మొదటి ఆరు వారాలు బల్బు కింద, దాణా పెట్టి మీరే తల్లిలా పెంచాలి. వనరాజా బరువు జాతి, కుక్క తరిమితే గోడెక్కలేదు. గుడ్లు అమ్ముకుందామనుకునే ఇంటికి గ్రామప్రియ పనికొస్తుంది. ఇంటెడు పనితో సతమతమయ్యే ఇంటికి నాటుపెట్టే నయం. ఏ జాతైనా టీకా లేకపోతే కొక్కెర ఒకేలా తీసుకుపోతుంది. పుంజుని మాత్రం రెండేళ్లకోసారి పక్క ఊరి నుంచి మార్చుకోండి. ఆ తల్లి పిల్లల్లోని పుంజే మళ్లీ ఆ తల్లికి జతైతే పిల్లలు గిడసబారతాయి.

కొత్త జాతి అనగానే నాకు ఈము పక్షి గుర్తొస్తుంది. మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. జతకి వేలకి వేలు పోసి కొన్నారు, నూనె అన్నారు, తోలు అన్నారు, ఈకలన్నారు. కొనేవాళ్లంతా మళ్లీ పిల్లల్ని అమ్ముకోడానికి కొన్నవాళ్లే. తినేవాడు ఎవడూ లేడు. 2012 నాటికి వ్యాపారం కూలింది, మేత పెట్టలేక పక్షుల్ని రోడ్ల మీదికి వదిలేశారు. ఎవరైనా వచ్చి కుందేలు, ఇంకో పక్షి, ‘మేమే తిరిగి కొంటాం’ అంటే, అతను కొనకపోతే మీ ఊరి సంతలో ఎవరు కొంటారని అడగండి. నాటుకోడికి ఆ ప్రశ్న లేదు.

2019 పశుగణనలో మన దేశంలో ఇళ్ల దగ్గర పెంచే కోళ్లు 31.7 కోట్లని తేలింది. అంతకుముందు 2012 లెక్క మీద దాదాపు 46 శాతం ఎక్కువ. ఫారం కోళ్లు అదే కాలంలో ఐదు శాతం కూడా పెరగలేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోకుండానే పెరట్లో ఇంత పెరిగింది.

బర్డ్ ఫ్లూ గురించి రెండు ముక్కలు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. కొక్కెరకీ దీనికీ చూపులో తేడా తెలియదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కాబట్టి ఒకేసారి చాలా కోళ్లు చస్తే ముట్టుకోకుండా, కొయ్యకుండా 1962 నంబరుకి ఫోన్ చెయ్యండి, లేదా పశువుల ఆసుపత్రికి చెప్పండి. చెబితే చుట్టూ కిలోమీటరు దాకా కోళ్లన్నీ చంపేస్తారని భయపడి దాచేవాళ్లున్నారు. నిజమే, బర్డ్ ఫ్లూ అని తేలితే చంపుతారు, దానికి పరిహారం ఉంటుంది. దాస్తే మీ ఇంట్లో చిన్నపిల్లలకే ముప్పు. పూర్తిగా ఉడికిన మాంసం, గుడ్డు తినడానికి భయం లేదు. పచ్చి మాంసం కడిగిన చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకి పచ్చి ముక్క నోట పెట్టకండి.

(సభలోంచి: మేకలకి కూడా చెప్పండమ్మా!)

మేకల సంగతి ఇంకో రోజు కూర్చుని మాట్లాడుకోవాలి. ఇప్పటికి రెండే. వానలు పడి లేత గడ్డి మొలవకముందే చిటుకు రోగం టీకా వేయించండి. పి.పి.ఆర్., అంటే పారుడు రోగం టీకా ఒకసారి వేయిస్తే మూడేళ్లు ఉంటుంది. రెండూ పశువుల ఆసుపత్రిలో వేస్తారు.

కోళ్ల గూడు గురించి కూడా నాలుగు మాటలు చెప్పి ఆపేస్తాను. నేలకి రెండు మూడడుగుల ఎత్తులో ఉండాలి, కింద తడికలోంచి రెట్ట జారిపోవాలి. కోడికి చదరపు అడుగు చాలు. చెక్క సందుల్లో గోమార్లు దాక్కుని రాత్రిపూట రక్తం తాగుతాయి. పగలు కోడి ఒంటి మీద వెతికితే కనిపించవు, గూటి పగుళ్లలో వెతకండి. నెలకోసారి సందుల్లో సున్నం పట్టించండి. పక్కన బూడిద, ఇసుక కలిపిన గుంట ఉంటే వాటంతట అవే పొర్లి పేలు దులుపుకుంటాయి. సాయంత్రం గుప్పెడు నూకలు గూటి ముందే చల్లండి, పిలవకుండా వస్తాయి. తోలుగుడ్లు పెడుతుంటే నత్తగుల్లలు దంచి పెట్టండి.

ఇక పని. ఈ ఊళ్లో అయిదు వీధులున్నాయని సంఘం అధ్యక్షురాలు చెప్పారు. వీధికొకరు పేరు ఇవ్వండి, ఇవాళే. కోళ్ల లెక్క గురువారంలోగా రాసుకురావాలి, పిల్లలు విడిగా, పెద్దవి విడిగా. శుక్రవారం ఏలికపాముల మందు ఇస్తాను, ఇంటింటికీ పంచండి. ఆ పై శుక్రవారం తెల్లవారుజామున మందు పెట్టె తీసుకుని నేనూ వస్తాను. మొదట పడమటి వీధి. ఆ పూట ఎవరూ గూటి తలుపు తియ్యకండి. అత్తగారు అలవాటుగా తీసేస్తారేమో, రాత్రే చెప్పి పడుకోండి.